రవ్వ లేని నిప్పు

జనార్ధనరావు ఇంట్లో అగ్గిపెట్టె ఉండదు. జురాంగ్ ఈస్ట్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్, వంటంతా కరెంటు పొయ్యి మీదే. దేవుడి దగ్గర దీపం మాత్రం నూనెదే ఉండాలని భార్య భ్రమరాంబ పట్టుబట్టింది. ఆవిడ దీపం పెట్టిన దగ్గర్నుంచి అది కొండెక్కేదాకా జనార్ధనరావు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కొండెక్కాక ఇంకో అరగంట కూర్చుంటాడు. కొత్తగా వచ్చిన చుట్టాలు ఎంత భక్తో అని మురిసిపోతారు. భక్తీ లేదు, పాడూ లేదు, అది కాపలా.

ఆ అరగంట ఉద్యోగం నేర్పిన అలవాటు. టెక్కలి దగ్గర పల్లె నుంచి 1997లో సింగపూర్ వచ్చి, ఓడలు బాగుచేసే ఒక యార్డులో ఫైర్ వాచ్‌గా చేరాడు. వెల్డరు ఇనుము అతుకుతున్నంతసేపూ మంటలార్పే సిలిండరు దగ్గర పెట్టుకుని, రవ్వలు ఎటు పడుతున్నాయో చూస్తూ ఉండడం ఫైర్ వాచ్ పని. పని ముగించి వెల్డరు టీకి పోతాడు. ఫైర్ వాచ్ పోకూడదు. ఏ మూలనో రవ్వ దాక్కుని రాజుకుంటుందేమోనని అరగంటసేపు అక్కడే నిలబడాలి. నిలబడాలి అంటే నిలబడాలి. కూర్చుంటే కునుకు పడుతుందని యార్డులో కూర్చోవడం నిషేధం.

ఇప్పుడతనికి యాభై ఎనిమిదేళ్లు. పనివాళ్ల నీలం చొక్కా పోయి తెల్ల చొక్కా వచ్చింది. యార్డులో కొత్తగా చేరినవాళ్లకి నిప్పు జాగ్రత్తల క్లాసు చెబుతాడు. తెలుగువాళ్లకి తెలుగులో, తమిళులకి వచ్చీరాని తమిళంలో, మిగతావాళ్లకి అన్నీ కలిపిన భాషలో. ఏ భాషలో అయినా ముందు చెప్పే మాట ఒక్కటే. "ప్రతి మంట వెనకా ఒక రవ్వ ఉంటాది. ఆ రవ్వ వెనకాల ఒక మనిషి ఉంటాడు." ఈ మాట అనేసి, తెర మీద ఒక ఫోటో చూపిస్తాడు. సగం కాలిన చెక్క పలక ఫోటో అది. 2006లో ఒక ఓడలోని పంపుల గదిలో మంట లేచింది. మంట మొదలైన చోటు ఆ పలకే. దాని అంచున అరచేయంత నల్లటి గుంట ఉంటుంది. కర్రతో ఆ గుంట చూపించి, రవ్వ పడింది ఇక్కడ అంటాడు. అక్కడి నుంచి సింహాచలం అనే వెల్డరు కథ మొదలు.

ఆ సింహాచలం రవ్వల్ని ఆపే ఫైర్ బ్లాంకెట్ సరిగ్గా కప్పకుండా వెల్డింగ్ చేశాడు. బ్లాంకెట్‌కి పంపు వైపు బెత్తెడు సందు ఉండిపోయింది. రవ్వ అందులోంచి దూరింది. ఒక పెయింటరు పొగ మింగి ఆసుపత్రి పాలయ్యాడు. సింహాచలాన్ని వారం తిరక్కుండా ఇంటికి పంపేశారు, మళ్లీ ఇక్కడ ఏ యార్డూ రానివ్వలేదు. ఇదీ కథ. పద్దెనిమిదేళ్లుగా ఎన్ని వేలమంది విన్నారో జనార్ధనరావుకే తెలియదు. ఇంట్లో కూడా, కూతురు నిఖిల చిన్నప్పుడు ప్లగ్గులో వేలు పెట్టబోతే ఆ పేరు చెప్పే భయపెట్టేవాడు.

క్లాసులో చెప్పని సంగతులు కొన్నున్నాయి. సింహాచలం భ్రమరాంబ ఊరివాడు, ఆవిడకి వరసకి తమ్ముడు. అతన్ని సింగపూర్ రప్పించింది జనార్ధనరావే. ఆ రోజు అతని పక్కన ఫైర్ వాచ్‌గా నిలబడ్డదీ జనార్ధనరావే. ఆ తర్వాత నిజాయితీగా సాక్ష్యం చెప్పాడని యార్డువాళ్లు మెచ్చుకుని అతన్ని సేఫ్టీ కోర్సుకి పంపారు. కోర్సు వల్ల తెల్ల చొక్కా, చొక్కా వల్ల మూడేళ్లకి పెళ్లాం పిల్లల్ని తెచ్చుకునే అర్హత, ఆ మీద ఈ ఫ్లాటు. మనిషి బతుకంతా ఆ ఒక్క సాక్ష్యం మీద నిలబడి ఉంది. అది తప్పుడు సాక్ష్యమని అతనికి ఎన్నడూ అనుమానం కూడా రాలేదు.

నిఖిల ఏడేళ్ల పిల్లగా వచ్చి ఇక్కడే పెరిగింది. ఇప్పుడు ఇరవై మూడు. బడి టీచరుగా శిక్షణలో ఉంది. పిల్లల్ని క్యాంపుకి తీసుకెళ్లినప్పుడు పూర్వకాలపు మనిషి నిప్పెలా పుట్టించాడో చేసి చూపించే పని ఆ పిల్ల నెత్తిన పడింది. ఒక శనివారం భోజనాల బల్ల మీద ఒక వంకర కర్ర, దానికి కట్టిన తాడు, ఒక నున్నటి పుల్ల, ఒక చెక్క పలక పరిచి, వీటితో నిప్పు చేస్తానంది. జనార్ధనరావు గబుక్కున కుర్చీలోంచి లేచాడు. తన ఇంట్లో, తన కూతురు, నిప్పు చేస్తుందట.

"రిలాక్స్ లా నాన్నా. రేపు పార్కులో బార్బెక్యూ పిట్ బుక్ చేశాను. అక్కడ అలౌడే," అంది నిఖిల సింగపూర్ యాసలో.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ వెస్ట్ కోస్ట్ పార్కుకి వెళ్లారు. భ్రమరాంబ పులిహోర డబ్బా పట్టుకుంది. జనార్ధనరావు కూరగాయలు తెచ్చుకునే చక్రాల సంచిలో మంటలార్పే సిలిండరు, రెండు బక్కెట్లు, తడిపిన గోనెపట్టా పెట్టుకుని లాక్కొచ్చాడు. పక్క పిట్ దగ్గర కోడి రెక్కలు కాలుస్తున్న కుటుంబం ఆ సిలిండరు చూసి తమ పళ్లేలు రెండడుగులు అవతలికి జరుపుకుంది. నిఖిల సిగ్గుతో తలెత్తలేదు. జనార్ధనరావుకి అదేమీ పట్టలేదు. సిలిండరు పిన్ను ఒకసారి తడిమి చూసుకుని స్థిమితపడ్డాడు.

పని చూస్తే పిల్లలాటలా ఉంది. పలక నేల మీద పెట్టి పాదంతో అదిమిపట్టాలి. పలకకి ఒక చిన్న గుంట, ఆ గుంట పక్కనే ఒక గాటు. విల్లులాంటి వంకర కర్ర తాడుని పుల్లకి ఒక మెలిక వేసి, పుల్ల మొన గుంటలో నిలబెట్టి, పైనుంచి చిప్పలాంటి చెక్కతో నొక్కిపట్టాలి. విల్లుని ముందుకీ వెనక్కీ లాగితే పుల్ల గిరగిరా తిరుగుతుంది. భ్రమరాంబ చూడగానే, ఇది మా ఊరి వడ్రంగి బరమాయే కదా అంది. నిజమే, అచ్చం దానిలాగే ఉంది. వడ్రంగి దానితో చిల్లులు పెడతాడు, నిప్పు పుట్టకుండా చూసుకుంటాడు, అంతే తేడా.

నాలుగుసార్లు ప్రయత్నించింది నిఖిల. పుల్ల జారి ఎగిరిపడింది. తాడు తెగింది. ఒకసారి కొంచెం పొగ వచ్చి ఆగిపోయింది. సింగపూర్ గాలికి కర్ర చెమ్మగిల్లుతుందని, ఫ్రెండు కెమెరాలు దాచుకునే పెట్టెలో పదిరోజులు ఆరబెట్టి మరీ తెచ్చిందట. అయినా రాలేదు. జనార్ధనరావుకి లోలోపల హాయిగా ఉంది. ఇనుముంటే రవ్వ, రవ్వ ఉంటే నిప్పు. కర్రకి కర్ర రాస్తే చేతులు నొప్పెట్టడం తప్ప ఏమొస్తుందని కూతురికి క్లాసు మొదలుపెట్టాడు. ఆ పిల్లకి చిర్రెత్తి విల్లు అతని చేతిలో పెట్టింది. నువ్వు లాగు, నేను పుల్ల పట్టుకుంటాను అంది.

జనార్ధనరావు మోకాళ్ల మీద కూర్చుని లాగడం మొదలుపెట్టాడు. ఏ పనైనా చేతికిస్తే ఒద్దికగా చేసే మనిషి. తొందరపడలేదు, ఆపలేదు, విల్లు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకే వేగంతో లాగుతూ పోయాడు. పుల్ల కీచుమంది. పలక గాటులోంచి గోధుమరంగు పొడి రాలింది, తర్వాత కాఫీ రంగు, తర్వాత నలుపు. పొగ లేచింది. నిఖిల ఇంకా, ఇంకా అంటోంది. చెమట కళ్లలోకి దిగుతున్నా అతను పలకనే చూస్తున్నాడు, ఎందుకంటే రవ్వ కోసం చూడడం అతని వృత్తి. రవ్వ రాలేదు. ఒక్కటంటే ఒక్క రవ్వ లేదు.

నిఖిల ఆపమంది. విల్లు తీసేశాడు. పుల్ల పక్కన పడేశారు. ఎవరూ ఏదీ ముట్టుకోవడం లేదు. గాటు కింద పెట్టిన ఆకు మీద రాలిన చిటికెడు నల్లపొడి మాత్రం తనంతట తానే పొగలు కక్కుతోంది. నిఖిల మెల్లగా ఉఫ్ అంటే దాని లోపల ఎర్రగా ఒక కన్ను తెరుచుకుంది. దాన్ని కొబ్బరిపీచులో పెట్టి ఊదింది. నాలుగు ఊపిర్లకి పీచు భగ్గుమంది.

భ్రమరాంబ చప్పట్లు కొట్టింది. పక్క పిట్ వాళ్లూ కొట్టారు. జనార్ధనరావు నివ్వెరపోయి మోకాళ్ల మీదే ఉండిపోయాడు. వేడి పుట్టే దారుల జాబితా అతని స్లైడులోనే ఉంది, అందులో నాలుగో మాట రాపిడి. ఆ మాట వందలసార్లు పైకి చదివి తర్వాతి స్లైడుకి పోయాడు. అదెలా ఉంటుందో ఏనాడూ చూడలేదు. ఇరవై ఎనిమిదేళ్లు నిప్పుకి కాపలా కాసినవాడు నిప్పు పుట్టడం ఇవాళే మొదటిసారి చూశాడు, అదీ తన చేతుల్లోనే.

అక్కడితో ఆగినా బాగుండేది. నిఖిల సంబరంగా పలక ఎత్తి అతని మొహం ముందు పెట్టింది. పుల్ల తిరిగిన గుంట నల్లగా, గుండ్రంగా ఉంది. కాలిన కర్రలా పొలుసులు లేచి లేదు, బొగ్గులా వేలికి అంటుకోవడమూ లేదు. నూనె రాసినట్టు నున్నగా మెరుస్తోంది. జనార్ధనరావు ఆ మెరుపు మీద వేలు పెట్టి, నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు. ఈ గుంట అతనికి తెలుసు. పద్దెనిమిదేళ్లుగా తెర మీద రోజూ చూపిస్తున్న గుంట ఇది.

క్లాసు స్లైడులు ఫోనులోనే ఉన్నాయి. ఆ ఫోటో తెరిచి పెద్దది చేశాడు. పలకంతా మొసలి వీపులా పగుళ్లిచ్చి కాలింది. అంచున ఉన్న గుంట మాత్రం నున్నగా, నిగనిగలాడుతోంది. ఫోటో తీసినవాడి లైటు అందులో తెల్లటి గీతలా ప్రతిఫలించింది కూడా. రవ్వ పడితే గుంట అలా గుండ్రంగా అవదు. గిరగిరా తిరిగేదేదో రాసుకుంటేనే అలా అవుతుంది. అక్కడ తిరిగేది ఒక్కటే, చేతి మందాన ఉండే పంపు ఇరుసు. పలక దాని వెనకే దొరికింది. ఆ పంపుని వెల్డింగ్ అయ్యాక గంటసేపు నడిపి చూశారని రిపోర్టులోనే రాసి ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే అప్పటికే ఒక వెల్డరు దొరికాడు.

అసలు మాట ఇంకా ఉంది, అది అతనొక్కడికే తెలుసు. ఆ పలక పంపు వెనక్కి ఎలా వెళ్లిందన్నది. దాన్ని అక్కడ పెట్టింది తనే. అరగంట నిలబడలేక, ఎవరూ చూడనప్పుడు బోర్లించిన బక్కెట్ మీద ఆ పలక వేసుకుని కూర్చునేవాడు. సూపర్‌వైజరు కంటపడకుండా పోయేటప్పుడు దాన్ని పంపుకీ గోడకీ మధ్య నిలబెట్టి పోయేవాడు. ఆ రోజూ అంతే చేశాడు. పలక నాదేనని విచారణలో చెబితే కూర్చున్నందుకు ఉద్యోగం పోతుందని చెప్పలేదు. నిప్పు రవ్వ వల్ల వచ్చింది కదా, పలక ఎవరిదైతేనేం అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. ఆ సర్దుబాటు ఇన్నేళ్లూ పనిచేసింది.

పులిహోర డబ్బా మూత తీయకుండానే ఇంటికి తిరిగొచ్చింది. ఒంట్లో బాగోలేదేమోనని భ్రమరాంబ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అప్పుడు చెప్పాడు, పలక సంగతితో సహా. భ్రమరాంబ నిలబడ్డచోటే కుర్చీ తడుముకుని కూర్చుంది. పంతొమ్మిదేళ్లుగా ఆవిడ పుట్టింటికి వెళ్లినప్పుడల్లా సింహాచలం ఉండే వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్లేది. మొగుడు నిజం చెప్పాడు కాబట్టి తలెత్తుకోవచ్చని, అయినా ఎందుకో మొహం చెల్లదని అనుకుంటూ తిరిగింది.

"సందు సంగతేటి మరి? బ్లాంకెట్‌కి సందు ఉందని నువ్వు సూసినావు కదా," అందావిడ.

జనార్ధనరావు కళ్లు మూసుకున్నాడు. విచారణ చేసిన ఆఫీసరు, పంపు వైపు సందు ఏమైనా ఉందా అని అడిగాడు. ఉండొచ్చు సార్ అన్నాడు తను. రిపోర్టులో అది, సందు ఉండడం ఫైర్ వాచ్ చూశాడు అని పడింది. చదివే సంతకం పెట్టాడు. తర్వాత క్లాసుల్లో చెప్పగా చెప్పగా సందు కళ్లకి కట్టింది, బెత్తెడు వెడల్పని కొలత కూడా వచ్చింది. ఇప్పుడు ఎంత వెతికినా కళ్ల ముందుకి వస్తున్నది నాలుగువైపులా నేలకి తగిలేలా కప్పిన బ్లాంకెట్, దాని అంచులు ఎగరకుండా సింహాచలం పెట్టిన ఇనుప ముక్కలు.

"లేదు," అన్నాడు.

గుమ్మంలో నిలబడి వింటున్న నిఖిల, "అంటే ఆ అంకుల్ రాంగ్ ఏమీ చేయలేదా?" అని అడిగింది. జనార్ధనరావు కూతురి వైపు చూడలేకపోయాడు. ఆ పిల్ల లోపలికి వెళ్లి విల్లూ పలకా తెచ్చి, అక్కర్లేనట్టు అతని ముందు బల్ల మీద పెట్టి వెళ్లింది.

చెబితే ఏమవుతుందో భ్రమరాంబకి తెలియనిది కాదు. రిటైరవడానికి రెండేళ్లుంది. తెల్ల చొక్కా పోవచ్చు, పోలీసుల దాకా పోవచ్చు, నలుగురు తెలుగువాళ్లలో పరువు పోవడం ఖాయం. ఆవిడ ఇవన్నీ ఒక్కొక్కటే పైకి అంది, అతనికి కాదు, తనకి తాను చెప్పుకున్నట్టు. తర్వాత లేచి ఫోను తెచ్చింది. సింహాచలం భార్య కోటేశ్వరి నంబరు అందులో ఉంది. ఏటా ఉగాదికి తను దొంగతనంగా మాట్లాడుతూనే ఉన్నానని అప్పుడు బయటపెట్టింది. జనార్ధనరావుకి ఆ రోజు ఎన్ని దెబ్బలు తగలాలో అన్నీ తగిలాయి.

సింహాచలం ఇప్పుడు ఏం చేస్తున్నాడని అడిగాడు. పలాసలో జీడిపప్పు కార్ఖానా గేటు దగ్గర కాపలా, ఇనుప పని ముట్టుకోడు అంది. యార్డులో అతని అంత చక్కగా అతుకు వేసేవాడు మరొకడు లేడు. ఆ అతుకు చూసి జపాను ఓడ ఇంజనీరు ఫోటో తీసుకోవడం జనార్ధనరావు స్వయంగా చూశాడు.

ముందు మెయిలు రాశాడు, వట్టి మాటలతో ఫోను చేయడానికి మనసొప్పక. యార్డు మేనేజరుకి, ఫోటో పెద్దది చేసి జతపరిచి, పలక నాది, అక్కడ పెట్టింది నేను, సందు నేను చూడలేదు అని మూడు ముక్కల్లో రాసి పంపేశాడు. పంపాక వెనక్కి తీసుకునే వీలు లేదు. అప్పుడు ఫోను చేశాడు. ఇక్కడ సాయంత్రం ఆరున్నర, అక్కడ నాలుగు. కోటేశ్వరి ఎత్తి, గొంతు గుర్తుపట్టి, మొగుడికి ఇచ్చింది.

"బావా? అప్ప బాగుందా?" అన్నాడు సింహాచలం. భ్రమరాంబకి ఏదో అయిందనుకున్నాడు. అతని గొంతులో కంగారు తప్ప మరేమీ లేదు.

జనార్ధనరావు మొత్తం చెప్పాడు. పార్కు, విల్లు, మెరిసే గుంట, పంపు ఇరుసు, పలక, ఆఫీసరు అడిగిన ప్రశ్న, తను పెట్టిన సంతకం. తిట్టించుకోవడానికి సిద్ధపడి చెప్పాడు.

"నాలుగేపులా కప్పినట్టే నాకు గేపకం బావా," అన్నాడు సింహాచలం. "గానీ నువ్వు సూసినానన్నావు కదా. నువ్వు అబద్దమాడే మనిషివి కాదు. మరి నా గేపకమే తప్పనుకున్నాను. ఆ మీదట వెల్డింగు టార్చి పట్టుకుంటే సెయ్యి వొణికీది. నేనేది కప్పినా సందు ఉండిపోతాదేమోనని బయం. అందుకే ఆ పని ఒగ్గేసినాను."

సింహాచలం పంతొమ్మిదేళ్లుగా తనని తిట్టుకుంటూ బతికి ఉంటాడని జనార్ధనరావు అనుకున్నాడు. నమ్ముకుంటూ బతికాడని అనుకోలేదు.

"అయితే సందు లేదేటి బావా?"

"లేదు సింహాచలం. ఒక్క ఏపు కూడా లేదు."

ఫోను ఎక్కడో చెక్క మీద పెట్టిన చప్పుడైంది. కోపం లేదు, క్షమించానన్న మాట లేదు. ఇటువైపు ఒక మనిషి ఉన్న సంగతే అతను మర్చిపోయాడు. దూరంగా అడుగుల చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, తర్వాత పెద్దగా అతని గొంతు జనార్ధనరావుకి వినిపించింది.

"కోటేశ్వరీ, ఇటు రా. సందు లేదట."

ఆవిడకి అర్థమైనట్టు లేదు, ఏ సందు అంది. సింహాచలం మళ్లీ అదే మాట చెప్పాడు, ఈసారి వీధిలోకి వెళ్లి.